కావిరంగు కొండల మీద మన కన్ను

ఈశాన్య రుతుపవనం నాలుగు వానలు కురిసి కాస్త తెరిపిచ్చిన కార్తీకమాసపు పొద్దుల్లో చూడాలి పులికాట్ సరస్సును. వేసవి అంతా ఉప్పు పొరలు తేలి, నెర్రెలు విచ్చి, బూడిదరంగులో సొమ్మసిల్లిన నేల మీదికి నీళ్లు చేరి ఉంటాయి. లోతు లేని నీళ్లు. మనిషి నడిచిపోతే మోకాళ్లు తడిసేపాటి నీళ్లు. ఆ పలచని నీటి మీద ఆకాశం ఎంత ఉందో అంతా పరుచుకుంటుంది. చెంగాళమ్మ కొలువున్న సూళ్లూరుపేట నుంచి తూర్పుగా సాగే రోడ్డు కాసేపటికి నేలను వదిలేసి సరస్సు మధ్యకు వెళ్లిపోతుంది. దానికి ఇరువైపులా రాజహంసలు. సన్నని గులాబీ కాళ్లు, వయ్యారంగా వంగిన పొడవాటి మెడ, తలకిందులుగా నీట ముంచిన వంకర ముక్కు, రెక్క విప్పినప్పుడు మాత్రమే బయటపడే నిప్పు ఎరుపు, ఆ ఎరుపు అంచున కాటుక నలుపు. దూరం నుంచి చూస్తే అవి పక్షులనిపించవు. తెల్లవారు వెలుగు నీటి మీద గులాబీ చారగా నిలిచిపోయిందనిపిస్తుంది.

ఆ రోడ్డు చివర శ్రీహరికోట. పడమట పులికాట్, తూర్పున బంగాళాఖాతం, నడుమ సన్నగా పొడవుగా సాగిన ఇసుక దీవి. సరుగుడు తోపుల్లో గాలి దూరినప్పుడు సముద్రం ఎటువైపు ఉందో చెవులకు అంతుబట్టదు; అన్ని వైపులా అదే హోరు. ఈ అడవిలో చెట్టునీ చేమనీ పేరుపేరునా ఎరిగిన యానాదులు తరతరాలుగా ఇక్కడ బతికారు. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు ఈ చోటు తిరుపతి జిల్లాలోకి వెళ్లిందిగానీ, ఇక్కడి గాలిలో, మాటలో, చేపల పులుసులో ఉన్నది నెల్లూరు తీరమే. ఈ దీవి మీద కొండ లేదు, గుట్ట లేదు. గాలి పోగుచేసిన ఇసుక దిబ్బే ఇక్కడి శిఖరం. వాన నీరు నిలిచిన పల్లమే ఇక్కడి లోయ. ఎత్తూ లోతూ తెలియని ఇంత చదునైన నేల నుంచి బయల్దేరిన ఒక కన్ను, సౌరకుటుంబ గ్రహాలన్నిటిలోకెల్లా ఎత్తయిన పర్వతాన్నీ, గ్రహాల మీద మనిషి చూసినవాటిలో అతి పెద్దదనదగ్గ కనుమనూ చూడడం నాకు ఎప్పటికీ తనివి తీరని ఆశ్చర్యం.

ఈ దీవికీ ఆ పర్వతమున్న అంగారక గ్రహానికీ 1971లోనే ఒక చుట్టరికం కలిసింది. ఆ ఏడాది అక్టోబరు 9న శ్రీహరికోట ఇసుక మీద నుంచి మొట్టమొదటి రాకెట్టు లేచింది. పేరు రోహిణి-125. జానెడు లావు కూడా లేని చిన్న రాకెట్టు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికావారి మెరినర్-9 అంగారకుడి వైపు పరుగెడుతోంది. నవంబరు 14న అది కుజుడి చుట్టూ కక్ష్యలోకి చేరింది. భూమి కాక మరో గ్రహాన్ని చుట్టిన మొదటి నౌక అదే. తీరా చేరాక కెమెరా తెరిస్తే ఏముంది? కొండల్లేవు, లోయల్లేవు. గ్రహమంతటినీ ధూళి తుపాను కప్పేసింది. నునుపుగా, ఏ గుర్తూ లేకుండా, పండుబారిన ఒక కావిరంగు గోళం మాత్రం కనబడింది. రోజులు గడిచాయి. వారాలు గడిచాయి. ఆ ధూళి మెల్లగా అడుగుకు దిగడం మొదలైంది. అప్పుడు ఆ మసక తెరను చీల్చుకుని నాలుగు నల్లని చుక్కలు పైకి తేలాయి. గ్రహమంతా మునిగిపోయినా తలలు మాత్రం మునగని నాలుగు మహాపర్వతాల కొనలవి. ధూళి ఇంకా దిగింది. వాటికి తూర్పున ఒక పొడవాటి చీలిక, నేల నోరు తెరిచినట్టు, అంగుళం అంగుళంగా బయటపడింది. దానికి ఆ నౌక పేరే పెట్టారు, వాలిస్ మెరినెరిస్ అని.

నలభై రెండేళ్ల తరవాత మన వంతు వచ్చింది. 2013 నవంబరు 5. దీపావళి వెళ్లిన రెండో రోజు, కార్తీక శుద్ధ విదియ, మంగళవారం. మంగళవారం నాడు కొత్త పని తలపెట్టని ఇళ్లు మన వైపు ఎన్నో. కుజదోషం పేరు చెప్పి పెళ్లిసంబంధాలు వెనక్కి పోయే ఊళ్లకైతే లెక్కే లేదు. ఆ మంగళవారమే, ఆ కుజుడి దగ్గరకే, ఇస్రో నౌక మంగళ్‌యాన్ ప్రయాణం కట్టింది. అసలైతే అక్టోబరు 28నే వెళ్లాల్సింది. రాకెట్టు జాడను కనిపెట్టి చూడాల్సిన ఓడ ఒకటి దక్షిణ పసిఫిక్‌లో వాతావరణం బాగాలేక తన చోటికి ఆలస్యంగా చేరడంతో వారం రోజులు ఆగింది.

మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలు. నలభై నాలుగు మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువున్న పీఎస్ఎల్‌వీ సీ25 కింద ముందు ఒక కాంతి పుట్టింది. చూపు నిలపలేనంత తెల్లని, అంచుల్లో మాత్రం నారింజరంగు తిరిగిన కాంతి. దాని చుట్టూ పాలనురగల పొగ ఉబ్బెత్తుగా లేచి ఇసుక మీద పొర్లింది. ఇంకా చప్పుడు లేదు. రాకెట్టు తోపుల తలలు దాటి పైకి వచ్చాక, అప్పుడు వచ్చింది ఉరుము. చెవికన్నా ముందు గుండెకు తగిలే ఉరుము అది, సరస్సు నీటి మీదుగా గడగడలాడుతూ పోయి సూళ్లూరుపేట కిటికీలను తట్టింది. మబ్బుల్లో ఒక వెలుగు మరక. ఆ తరవాత సముద్రం పైన ఆగ్నేయంగా వంగిపోయిన ఒక తెల్లని పొగచార.

పీఎస్ఎల్‌వీ పెద్ద రాకెట్టు కాదు. అంగారకుడి దారిలోకి ఒక్క విసురుతో విసిరేసే సత్తువ దానికి లేదు. అందుకే మంగళ్‌యాన్ భూమి చుట్టూనే తిరుగుతూ, ఒక్కో చుట్టుకూ ఇంకాస్త ఊపు అందుకుంటూ, దూరం దూరం జరుగుతూ, డిసెంబరు 1 వేకువకు ముందు పుడమి పట్టును విడిపించుకుంది. ఆ తరవాత పది నెలలు, 65 కోట్ల కిలోమీటర్లకు పైగా చీకటి దారి. 2014 సెప్టెంబరు 24 ఉదయం ఏడుంబావు దాటాక, దాదాపు 300 రోజులు నిద్రపోయిన ఇంజను మేలుకుని ఇరవై మూడు నిమిషాలకు పైగా మండింది. సెకనుకు కిలోమీటరుకు పైగా వేగాన్ని అణచుకుని నౌక కుజుడి పట్టుకు చిక్కింది. పంచాంగం చూస్తే ఆ పూట అమావాస్య! బెంగళూరులో ఆ కబురు అందడానికి పన్నెండు నిమిషాలకు పైన పట్టింది. కాంతికి కూడా అంత దూరం అది.

చేరింది సరే, ఎలాంటి కక్ష్య దొరికింది? గుండ్రంగా, దగ్గరగా తిరగాలంటే ఇంకా ఎంతో ఇంధనం కాల్చాలి. అంత ఇంధనం లేదు. అందుకని బాగా సాగదీసిన, కోడిగుడ్డుకన్నా కోలైన దారిలో నౌక స్థిరపడింది. ఒక కొసన కుజుడి నేలకు 421 కిలోమీటర్ల ఎత్తు. రెండో కొసన దాదాపు 77 వేల కిలోమీటర్లు. ఒక్క చుట్టుకు 72 గంటల 51 నిమిషాలు, అంటే మూడు రోజులు. మిగతా దేశాల నౌకల్లో చాలావాటివి నేలను ఒరుసుకుంటూ, గంటల్లో ముగిసే చుట్లు. బల్ల అంత రాయిని సైతం గుర్తుపట్టే కెమెరాలు వాటికి ఉన్నాయి. మన కెమెరా బరువు కిలోంబావు, 1.27 కిలోలు. అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం దాన్ని మలిచింది. పదునులో అది వాటికి సాటిరాదని ఒప్పుకోవాల్సిందే. కానీ దూరంగా జరిగి, నింపాదిగా నిలిచి, గ్రహం ముఖం మొత్తాన్ని ఒక్కసారి కళ్లారా చూడడం ఆ పేద కక్ష్య వల్లే సాధ్యమైంది. ఆ చూపు విలువ ఎంతటిదో చివర చెబుతాను.

కక్ష్యలో చేరిన నాలుగో నాటి బొమ్మ, సెప్టెంబరు 28న 74,500 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసింది, నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. కటిక నలుపు. ఆ నలుపులో, ఏ ఆధారమూ లేకుండా తేలుతున్న ఒక గోళం. దాని రంగుకు తెలుగులో మాటలకు కొదవలేదు. మధ్యలో కావి, దాని పక్కన పండిన ఇటుక వన్నె, అక్కడక్కడ పసుపు కలిసిన గంధం, అంచుల దగ్గర చల్లారుతున్న నిప్పు మీది బూడిద ఛాయ. పల్లెల్లో సంక్రాంతి ముందు అరుగుల అంచులకూ గడప పక్కన గోడలకూ పూసే జాజు ఉంది చూడండి, ఆ జాజుకు ఎరుపునిచ్చేదీ ఈ గోళానికి ఎరుపునిచ్చేదీ ఒకటే, తుప్పు పట్టిన ఇనుము. కోట్ల ఏళ్లుగా రాళ్లు అరిగి అరిగి, పిండికన్నా మెత్తని ఎర్రని ధూళిగా మారి, గ్రహమంతటా పరుచుకున్నాయి. నల్లగా కనిపించే మచ్చలు సముద్రాలేమో అని ఒకప్పుడు అనుకున్నారు. నీళ్లు కావవి. గాలి ఎర్ర ధూళిని ఊడ్చేసిన చోట్ల బయటపడ్డ నల్లని అగ్నిశిలల ఇసుక. ఇక ఆ బొమ్మలో ఉత్తరం వైపు చూస్తే ఒక మసక. అక్కడ ధూళి తుపాను సాగుతోంది. ఎన్నో వందల కిలోమీటర్ల మేర లేచిన దుమారం, ఇంత ఎత్తు నుంచి చూస్తే ఊది ఆర్పేయొచ్చనిపించేంత సుతారమైన పసుపు తెర.

నౌక కొస తిరిగి కిందికి జారడం మొదలుపెడుతుంది. గోళం పెరుగుతుంది. ముఖమంతా నిండుతుంది. ముడతలు కనబడతాయి. మచ్చలనుకున్నవి లోయలవుతాయి, గీతలనుకున్నవి కొండ అంచులవుతాయి. ఇక అక్కడ, గ్రహం నడుము మీద కాస్త ఉబ్బెత్తుగా, థార్సిస్ పీఠభూమి. 1971లో ధూళి లోంచి తలెత్తిన నాలుగు చుక్కల చోటు ఇదే. ఆర్సియా, పవోనిస్, ఆస్క్రియస్ అనే మూడు అగ్నిపర్వతాలు ఒకే వరుసలో, కొలత పెట్టి నాటినట్టుంటాయి. వాటికి వాయవ్యంగా, ఒంటరిగా, ఒలింపస్.

ఒలింపస్ ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు, ఎవరెస్టుకు రెండున్నర రెట్లు. వెడల్పు 600 కిలోమీటర్లు. వైశాల్యం లెక్కన చూస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం దాని పాదం కింద పట్టేస్తుంది. అయినా మనం కొండ అనగానే ఊహించుకునే వాడి కొన, నిట్టనిలువు చరియ దానికి లేవు. లావా పలచగా పారి, ఆరి, మళ్లీ పారి, పొర మీద పొరగా పేరుకుని, విశాలంగా, వాలుగా, బద్ధకంగా పరుచుకున్న పర్వతం. దాని మీద నిలబడ్డ మనిషికి తాను కొండ మీద ఉన్నానని తెలియదు. అంచు ఎప్పుడో దిగంతం వెనక్కి వంగిపోయి ఉంటుంది. ఎటు చూసినా ఒక ఎర్రని వాలు, పైన లేత గంధపు రంగు ఆకాశం, అంతే. చుట్టూరా పాదాల దగ్గర మాత్రం కొన్ని చోట్ల ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తున తెగ్గోసినట్టు దిగిన నిలువు గోడలున్నాయి. శిఖరం మీద, ఒకదానిలో ఒకటి కూలిన గుండ్రటి గుంతలు కలిసి 80 కిలోమీటర్ల పొడవైన నోరు. ఇంత పర్వతం అక్కడే ఎందుకు పెరిగిందంటే, అక్కడి నేల మన నేలలా పలకలు పలకలుగా జరగదు. అడుగున కుంపటి ఎక్కడ ఉందో పైన కొండ అక్కడే ఉండిపోయింది. కోట్ల ఏళ్లు ఒకే చోట పొంగి పొర్లింది.

ఆ ఒలింపస్‌నూ ఆ మూడు అన్నదమ్ముల కొండలనూ నిండుగా చూడాలంటే దూరంగా జరగాల్సిందే. పై నుంచి చూస్తే వాటి నోళ్లు నీడలతో నిండి, మసక నేల మీద నాలుగు కాటుక చుక్కలుగా ఉంటాయి. కొన్ని పూటల్లో వాటి భుజాల మీద మంచు మేఘాలు దిగుతాయి. నీటి మంచే. ఎర్రని నేల మీద ఆ తెలుపు, నీలం కలిసిన ఆ తెలుపు, ఎవరిదో చేయి పొరపాటున ఆ రంగుల్లో మునిగిందేమో అన్నంత వింతగా ఉంటుంది.

థార్సిస్ ఉబ్బు అంత బరువుతో పైకి పొంగినప్పుడు పక్కనున్న నేల ఊరుకుంటుందా? సాగింది, తాళలేక చీలింది. ఆ చీలికే వాలిస్ మెరినెరిస్. మన పెన్నమ్మ గండికోట దగ్గర ఎర్రరాతిని కోసుకుని వచ్చిన గండి అంచున నిలబడ్డవారికి కాళ్ల కింద ఒక జలదరింపు తెలుసు. ఆ గండి లోతు మూడు వందల అడుగుల మాట. అదే పెన్న ఆ తరవాత నెల్లూరు పక్కగా పారి, ఊటుకూరు దగ్గర మెత్తని ఇసుకలోంచి సముద్రంలో కలుస్తుంది. ఇప్పుడు గండి గోడను ఏడు కిలోమీటర్ల లోతుకు దింపండి. పొడవును కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాటించి ఇంకా ముందుకు, నాలుగు వేల కిలోమీటర్ల దాకా లాగండి. వెడల్పు కొన్ని చోట్ల 200 కిలోమీటర్ల దాకా. అక్కడ ఒక అంచున నిలబడితే రెండో అంచు కంటికి ఆనదు. కిందికి చూస్తే పాతాళం, ఎదురుగా చూస్తే దిగంతం.

2014 డిసెంబరు 5న 24 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి మంగళ్‌యాన్ దీన్ని చూసింది. ఆ బొమ్మలో కనుమ, గ్రహం ఒంటి మీద మానిన పాత గాయంలా, అడ్డంగా సాగుతుంది. మరుసటి ఏడాది జులై 19న మరింత కిందికి, 1,857 కిలోమీటర్లకు దిగి, కనుమలోని ఓఫిర్ అనే భాగాన్ని పట్టుకుంది. ఒక్కో చుక్కకు 96 మీటర్ల నేల. ఇక్కడ కెమెరా ఆగింది, మనమూ ఆగుదాం. గోడలు మొదట చదునైన పీఠభూమి అంచు నుంచి హఠాత్తుగా తెగి కిందికి పడతాయి. ఆ తెగిన మొహం మీద పొరలు. ముదురు గోధుమ, దాని కింద ఇటుక, దాని కింద మసి కలిసిన ఎరుపు. ఒక్కో పొర ఒక్కో యుగపు లావా కావచ్చు, ధూళి కావచ్చు. గోడ నుంచి కిందికి చీలికలు చీలికలుగా దిగిన వెన్నుగట్లు, వాటి నడుమ నీడ నిండిన గండ్లు. అడుగున, ఎప్పుడో విరిగిపడ్డ కొండచరియల రాశి నాలుకలు చాచుకుని మైళ్ల దూరం పారి నిలిచిపోయింది. అంత పెద్ద చరియ విరిగినప్పుడు పుట్టిన హోరును వినడానికి ఒక్క చెవి కూడా లేదు. అక్కడి పలచని గాలిలో ఆ హోరైనా ఎంత దూరం పోయి ఉంటుంది? లోయ నడుమ కొన్ని గుట్టలు, చుట్టూ అంతా కుంగిపోయినా తాము మాత్రం మొండిగా నిలిచినవి, పొద్దు వాలుగా పడ్డప్పుడు పొడుగాటి నీలి నీడలు పరుచుకుంటాయి. ఈ అడుగున ఒకప్పుడు నీళ్లు నిలిచిన ఆనవాళ్లున్నాయి. తూర్పు కొసన ఆ నీళ్లు వరదై బయటికి దూకి నేలను గీరుకుపోయిన గుర్తులున్నాయి.

ఇప్పుడు నీటికి బదులు అక్కడ ధూళి నిలుస్తుంది. డిసెంబరు 5 నాటి బొమ్మలనే తీసుకుని అహ్మదాబాద్ శాస్త్రవేత్తలు లోయలో గాలి ఎంత మసకగా ఉందో లెక్కగట్టారు. అడుగున చిక్కన, పైకి వచ్చేకొద్దీ పలచన. దక్షిణపు గోడను దాటి వచ్చే గాలి అలలు అలలుగా లేవడం వల్ల పుట్టిన మబ్బులను కూడా ఆ బొమ్మల్లోనే చూశారు. ఆ గోడ పక్కన నిలబడి పొద్దుగుంకడం చూస్తే, మన సాయంత్రాలకు అది పూర్తిగా తిరగబడి ఉంటుంది. రోజంతా కావిగా ఉన్న ఆకాశం, సూర్యుడు దిగే చోట మాత్రం నీలంగా మారుతుంది. అతి సన్నని ఆ ధూళి నీలి వెలుగును సూర్యుడి చుట్టుపక్కలకే మళ్లిస్తుంది. పగలు ఎరుపు, సంధ్య నీలం. మనకు వచ్చిన సంధ్యావర్ణనలన్నీ అక్కడ చెల్లని నాణేలే.

మరో మాట. కుజుడి మీది చిన్న గుంతలకు భూమి మీది చిన్న ఊళ్ల పేర్లు పెట్టడం అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య పద్ధతి. ఆ జాబితా తిరగేస్తే ఒక చోట కళ్లు ఆగిపోతాయి: రాయదుర్గం! కొండ మీద కోట ఉన్న మన అనంతపురం సీమ ఊరే. ఎప్పుడో ఆకాశం నుంచి వచ్చి పడిన రాయి తవ్విన గుంతకు రాళ్ల కోట ఉన్న ఊరి పేరు రావడం ఎవరూ పనిగట్టుకుని చేసింది కాకపోవచ్చుగానీ, తెలుగువాడికి ఒక నవ్వు మాత్రం మిగులుతుంది.

కుజుడికి ఉన్న రెండు చందమామల్లో పెద్దదైన ఫోబోస్‌ను మంగళ్‌యాన్ 2014 అక్టోబరులో, 66 వేల కిలోమీటర్ల పై నుంచి, కుజుడి ముఖం మీదుగా నడిచిపోతుండగా పట్టింది. విశాలమైన కావిరంగు నేపథ్యం. దాని మీద బొగ్గుకన్నా నల్లగా, వంకరటింకరగా, ఒక నలుసు. పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే రాతిగడ్డ అది. కుజుడిని దాదాపు ఏడున్నర గంటల్లో చుట్టేస్తుంది. గ్రహం తన చుట్టూ తాను తిరిగేదానికన్నా ఇది వడిగా పోతుంది గనక, అక్కడి నేల మీద నుంచి చూస్తే ఈ చంద్రుడు పడమట పొడిచి తూర్పున అస్తమిస్తాడు, అదీ రోజుకు రెండుసార్లకు తక్కువ కాకుండా. కొద్దికొద్దిగా కిందికి జారుతున్నాడు కూడా. కొన్ని కోట్ల ఏళ్లకు ముక్కలై ఉంగరంగా చుట్టుకుంటాడో, నేలకే తగులుతాడో. 2020 జులై 1న మంగళ్‌యాన్ ఇంకాస్త దగ్గరగా, 4,200 కిలోమీటర్ల నుంచి మళ్లీ చూసింది. ఈసారి ఆ గడ్డ మొహం మీద స్టిక్నీ అనే పెద్ద దెబ్బ, తొమ్మిది కిలోమీటర్ల గుంత, స్పష్టంగా కనబడింది.

ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్న నౌక ఏడున్నరేళ్లు పనిచేసింది. 2022 ఏప్రిల్‌లో, కుజుడి నీడలో గంటల తరబడి చిక్కుకున్నాక దానికి భూమితో మాట తెగిపోయింది. కుజుడి చుట్టూ కోల దారిలోనే ఇంకా తిరుగుతోంది.

ఇక చివర చెబుతానన్న సంగతి. 2018లో యూరప్‌వారి మార్స్ ఎక్స్‌ప్రెస్ బొమ్మల్లో, ఆర్సియా కొండ నుంచి పడమటకు సాగిన ఒక వింత మేఘం కనబడి లోకమంతా తల తిప్పి చూసింది. ఆర్సియా మళ్లీ నిప్పులు కక్కుతోందా అన్నారు కొందరు. పొగ కాదది, మంచు మేఘం. దాని బతుకు ఒక్క పూట. కుజుడి దక్షిణార్ధంలో పగలు అతి పొడుగైన రోజుల చుట్టూ, పొద్దు పొడవకముందే, ఆ అగ్నిపర్వతపు పడమటి వాలు మీద తెల్లగా ఒక మొగ్గ తొడుగుతుంది. గాలి కొండ వాలును పట్టుకుని పైకి ఎగబాకి, చల్లబడి, తనలో ఉన్న కాసింత తడినీ మంచుపొడిగా విదిలిస్తుంది. తోక పుడుతుంది. సన్నగా, తిన్నగా, పడమటకు, గంటకు 600 కిలోమీటర్లకు పైగా వేగంతో సాగుతుంది. నేలకు 45 కిలోమీటర్ల ఎత్తున, లేత ఉదయపు ఎండ తగిలి ముత్యపు వన్నె తిరిగిన ఆ తోక రెండున్నర గంటల్లో 1,800 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. అంటే శ్రీహరికోటలో మొదలైన మబ్బు ఢిల్లీ దాటిపోయినట్టు. కింద నల్లని నోటితో ఆర్సియా, వంద కిలోమీటర్లకు పైగా వెడల్పున గుండ్రంగా కూలిన శిఖరం. పైన దాని నుంచి విడిపోతున్న ఈ తెల్లని చార. అంతలో కొండతో పేగు తెగినట్టు మేఘం ఊడి, ఒంటరిగా పడమటకు కొట్టుకుపోతూ, మధ్యాహ్నం కాకముందే కరిగిపోతుంది. మర్నాడు తెల్లవారకముందు మళ్లీ మొగ్గ. ఇలా రోజూ, దాదాపు ఆ రుతువంతా. కుజుడి ఏడాదికి మన రోజులు 687 గనక, ఆ రుతువు మళ్లీ రావడానికి మనకు దాదాపు రెండేళ్లు పడుతుంది.

కుజుడి మీద ఏటేటా వచ్చే ఇంత పెద్ద మేఘం అన్నేళ్లు కంట పడకపోవడానికి కారణం కక్ష్యలే. నేలను ఒరుసుకుంటూ తిరిగే పదునైన కెమెరాల్లో చాలావరకు ఏ చోటినైనా మధ్యాహ్నం దాటాకే చూస్తాయి. వాటి దారిని అలా బిగించారు. అవి వచ్చేసరికి ఆకాశం ఖాళీ. సాగదీసిన దారిలో తిరిగేవే వేర్వేరు వేళల్లో, తెల్లవారుజామున సైతం, ఆ చోటి మీద చూపు వేయగలవు. 2020లో ఆ మేఘం దినచర్యను విప్పి చెప్పిన పరిశోధన పత్రం ఐదు నౌకల బొమ్మలను వాడుకుంది. మూడు అంతరిక్ష సంస్థల నౌకలవి. అందులో ఒకటి, ఇంధనం చాలక కోల దారిలో ఉండిపోయిన మంగళ్‌యాన్.